పొరబాటున ముట్టిన జీతము

నెల మొదట చేతికి వచ్చిన జీతమును లెక్కించి చూచుకొనువారు పలువురు గలరు. అది తమకు న్యాయముగా రావలసినదానికంటె ఎక్కువగా నున్నదేమో యని శంకించువా రరుదు. తక్కువైనచో ఇంటిల్లిపాదికిని ఆ దినముననే తెలియును. ఎక్కువైనచో ఏండ్లు గడచినను తెలియదు. ఇందుకు దురాశ కారణము కాదు. సర్కారు కొలువులో జీతము నిర్ణయించువాడు ఉద్యోగి కాడు. నియమములు చదివి, సర్వీసు రిజిస్టరులో వ్రాసి, బిల్లు తయారుచేయువాడు ఆఫీసు గుమాస్తా. దానిపై చేవ్రాలు చేయువాడు పైయధికారి. సొమ్ము చెల్లించునది ఖజానా. ఇన్ని చేతులు దాటివచ్చిన సొమ్ము సరియైనదే యని ఇంటివారు నమ్ముట సహజము. ఆ నమ్మకముమీదనే బిడ్డల చదువు, ఇంటి యద్దె, పాలవాని బాకీ, చీటీ వాయిదా నడచుచుండును.

పది పదునైదేండ్లు ఇట్లు గడచును. ఉద్యోగి పింఛను కాగితములు సిద్ధమగు వేళ పాత రిజిస్టరును మరల తిరుగవేయుదురు. ఎప్పుడో ఒక ఇంక్రిమెంటు వేయరాని తేదీన వేసినట్లో, ఒక హెచ్చు స్కేలు అర్హత లేకయే ఇచ్చినట్లో అప్పుడు బయటపడును. నెలకు కొద్ది రూపాయలే యైనను, ఏండ్లతో గుణించునప్పటికి అది లక్షలకు చేరవచ్చును. అంతట ఉత్తరువు వచ్చును: ఎక్కువగా ముట్టిన సొమ్మును తిరిగి చెల్లింపవలెను, లేనిచో గ్రాట్యుటీనుండి మినహాయింతుము.

ఈ యుత్తరువు న్యాయమా, అన్యాయమా? ఒకవైపునుండి చూచినచో న్యాయమే. తనది కాని సొమ్ము ఎవరిచేత నున్నను తిరిగి ఇచ్చివేయవలెననుట లోకధర్మము. మరియొకవైపునుండి చూచినచో, తప్పు చేసినవా రొకరు, దండుగ పెట్టుకొనువారు వేరొకరు. ఈ రెంటి నడుమ న్యాయస్థానములు రెండువందల యేండ్లుగా దారి వెదకుచున్నవి. మన న్యాయశాస్త్రము ఆంగ్లేయుల న్యాయశాస్త్రపు నీడలో పెరిగినది గనుక, ఈ కథను అచ్చటినుండి మొదలిడుట మేలు.

ఇంగ్లండు రాజు ఫిరంగిదళములో స్కైరింగ్ అను మేజరు ఒకడుండెను. ఆ దళమువారి జీతములు చెల్లించుచుండిన ఏజంట్లు, రాజశాసనమునుబట్టి ఆతనికి కొంత హెచ్చు జీతము రావలసియున్నదని తలచి, ఆ మొత్తమును ఆతని ఖాతాలో జమకట్టుచు వచ్చిరి. ఆతనివంటి స్థితిలోనున్న యుద్యోగులకు ఆ హెచ్చు చెల్లదని సైనిక సామగ్రి శాఖవారు 1816 లోనే ఏజంట్లకు తెలియజేసిరి. ఏజంట్లు ఆ సంగతిని మేజరు చెవిని వేయలేదు సరిగదా, 1821 లో ఆతనికిచ్చిన లెక్కలో ఆ సొమ్మును ఆతని జమగానే చూపిరి. మేజరు మరణించిన పిమ్మట, ఆతని పక్షమువారికి ఈయవలసిన నిలువలోనుండి ఆ హెచ్చును పట్టుకొనజూచిరి. వ్యాజ్యము 1825 లో ప్రధాన న్యాయమూర్తి అబట్ ఎదుటికి వచ్చెను. ఏజంట్లకు ఆ హక్కు లేదని తీర్పయ్యెను. వివేకము గల ప్రతి మానవుడును తన రాబడినిబట్టి తన సంసారపు తీరు దిద్దుకొనును. నీ రాబడి ఇంత యని ఏండ్లతరబడి నమ్మించి, తరువాత కాదనుట వానికి కీడు చేయుటయే యని ఆ తీర్పు సారాంశము.

ఇందు గమనింపదగిన విశేష మొకటి కలదు. అంతవరకు ఇట్టి వ్యవహారములలో ఇచ్చినవాడు, పుచ్చుకొన్నవాడు అను ఇద్దరే కనబడుచుండిరి. ఈ తీర్పుతో మూడవది యొకటి న్యాయస్థానములోనికి వచ్చినది. అది సంసారము. జమాఖర్చు పుస్తకములో దానికి పద్దు లేదు. అయినను సొమ్ము అచ్చటనే వ్యయమైనది.

ఈ సూత్రము ఇంగ్లండులో చాలకాలము నిలిచినది. గాయపడి సెలవులోనున్న ఒక ఉపాధ్యాయునికి స్థానిక ప్రభుత్వము పొరబాటున 1,007 పౌనులు ఎక్కువగా చెల్లించిన వ్యవహారమొకటి 1983 నాటిది. ఆతడు అందు సగమునకు కొంచెము మించి మాత్రమే ఖర్చుపెట్టినట్లు తేలెను. అయినను, నమ్మించినవారు నమ్మించినట్లే యుండవలెనని చెప్పి, మిగిలిన సొమ్మునుగూడ అడుగరాదని అప్పీలు న్యాయస్థానము తీర్పిచ్చెను. ఇది ఉద్యోగిపట్ల అతి ఉదారమైనదని పలువురు తలచిరి. పిమ్మట 1991 లో ప్రభువుల సభ వేరొక సూత్రమును అంగీకరించినది. సొమ్మును నమ్మి తన స్థితిని మార్చుకొన్నవాడు, ఆ మార్పు మేరకు మాత్రమే తిరిగి ఇయ్యకుండ తప్పించుకొనవచ్చును. చేత మిగిలియున్నది ఇచ్చివేయవలెను. ఖర్చైనదానికి దయ, మిగిలినదానికి ధర్మము అని దీనిని సంగ్రహముగా చెప్పుకొనవచ్చును.

ఇక మన దేశపు సంగతి. 1872 నాటి కాంట్రాక్టు చట్టములోని 72 వ సెక్షను ఒక్క వాక్యములో నిర్మొగమాటముగా చెప్పినది: పొరబాటున సొమ్ము పుచ్చుకొన్నవాడు దానిని తిరిగి ఇయ్యవలెను. చట్టము చేసినవారు దీనికి చూపిన దృష్టాంతము సులభమైనది. ఇద్దరు కలిసి ఒకనికి నూరు రూపాయలు బాకీపడియుందురు. ఒకడు ఆ బాకీ తీర్చును. ఆ సంగతి తెలియక రెండవవాడు మరల చెల్లించును. రెండుమారులు పుచ్చుకొన్నవాడు రెండవ నూరు తిరిగి ఈయవలెను. ఇందులో అన్యాయమేమియు లేదు. ఏలయన, ఆ పుచ్చుకొన్నవానికి తన బాకీ ఎంతయో తెలియును. జీతము పుచ్చుకొనువాని స్థితి అట్టిది కాదు. తనకు రావలసినదెంతయో ఇచ్చువాడు చెప్పగా విన్నవాడే గాని, తాను నిర్ణయించినవాడు కాడు. ఒకే వాక్యము ఈ రెండు వ్యవహారములకును చాలునా యనుటయే తరువాతి చరిత్ర యంతయు.

జీతపు పొరబాటు సాధారణముగా అంకెల తప్పు కాదు. నియమమును అపార్థము చేసికొనుటవలన కలుగునది. ఇట్టి శాస్త్రసంబంధమైన పొరబాటున ఇచ్చిన సొమ్మును తిరిగి అడుగరాదని ఇంగ్లండులో చిరకాలము చెప్పుచుండిరి. మన దేశమున ఆ రక్షణయు నిలువలేదు. 72 వ సెక్షనులోని పొరబాటు అను మాటలో నియమము తప్పుగా తెలిసికొనుటయు చేరునని 1949 లో ప్రివీ కౌన్సిలు తేల్చినది. దాని వెనుక సుప్రీంకోర్టును అట్లే చెప్పినది. కర్మాగారములలోను రైళ్లలోను పనిచేయువారికై చేసిన 1936 నాటి వేతన చెల్లింపు చట్టమును, ఎక్కువగా చెల్లించిన కూలిని సర్దుకొనుటను అంగీకరింపబడిన మినహాయింపులలో నొకటిగా లెక్కించినది. కాబట్టి చట్టపు అక్షరమునుబట్టి చూచినచో ఉద్యోగికి నిలువనీడ లేదు.

కాని మరియొక ధార గూడ ఆ కాలమునుండియే ప్రవహించుచున్నది. పూర్వసేవకై ఇచ్చు పింఛనును ఋణదాతలు న్యాయస్థానముద్వారా జప్తుచేయరాదని 1871 నాటి పింఛనుల చట్టము శాసించినది. ముసలితనమున మిగిలిన కూటికి అప్పులవారు అడ్డుపడరాదను కనికరము అందు కలదు. తరువాత, పింఛను సర్కారువారి దయాదానము కాదు, ఉద్యోగి హక్కు అని 1971 లో సుప్రీంకోర్టు ప్రకటించెను. 1982 డిసెంబరులో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము ఆ మాటనే మరింత విస్తరించి చెప్పినది. ఊరి షాహుకారు ముట్టరాని పింఛనును, తన పొరబాటు సాకుగా సర్కారే కోయవచ్చునా యను ప్రశ్న అప్పటికే గాలిలో నుండెను.

దానికి సమాధానము 1994 నుండి రాసాగినది. ఆ సంవత్సరము ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కొందరు ఫార్మసిస్టుల వ్యవహారమును విచారించెను. వారికి 1973 నుండి 330–560 రూపాయల స్కేలు ఇచ్చియుండిరి. అది పొరబాటనియు, 330–480 స్కేలే వారికి చెల్లుననియు చెప్పి 1984 లో తగ్గించిరి. ఆ తగ్గింపును 1973 నుండియే లెక్కించిరి. తక్కువ స్కేలే న్యాయమైనదని కోర్టు ఒప్పుకొనెను. కాని పదునొకండేండ్లు వారు పుచ్చుకొన్నది వారి తప్పువలన కాదు గనుక, దానిని తిరిగి వసూలుచేయరాదని తీర్పిచ్చెను. ఆ సంవత్సరముననే హర్యానాలో ఒక కళాశాల గ్రంథపాలకుని విషయములోను అట్లే జరిగెను. ఉత్తరువును తప్పుగా అర్థము చేసికొని హెచ్చు స్కేలు ఇచ్చినవాడు ప్రిన్సిపాలు. గ్రంథపాలకుడు ఎవరినీ మోసగించలేదు. కావున ఇచ్చినది ఇచ్చినట్లే యుండవలెను.

2006 లో, విశ్రాంతులైన సైనిక వైద్యాధికారుల కేసులో కోర్టు ఈ దయకు గల మూలమును స్పష్టముగా చెప్పినది. ఎక్కువ సొమ్ముపై ఉద్యోగికి హక్కు లేదు. వసూలును ఆపుట న్యాయస్థానము తన విచక్షణచే, కష్టము తొలగించుటకై చేయు పని. సేవకులలో క్రింది మెట్టువారు వచ్చినదంతయు కుటుంబపోషణకే ఖర్చుచేయుదురు. అది తమదే యను నమ్మకముతో ఖర్చుచేయుదురు. ఏండ్ల తరువాత దానిని కక్కుమనుట వారిని బాధించుటయే. కాని ఎక్కువ వచ్చుచున్నదని తెలిసియు ఊరకున్నవారికిని, పొరబాటు కొద్దికాలములోనే బయటపడినచోటను ఈ దయ వర్తింపదని కూడ కోర్టు హద్దు గీసినది. 2008 డిసెంబరులో బీహారు ఉపాధ్యాయుల వ్యవహారములో మరియొక అడుగు ముందుకు పడినది. కోర్టు మెట్లు ఎక్కలేకపోయినవారినుండి వసూలైన సొమ్మును గూడ మూడు నెలలలో తిరిగి ఈయవలెనని ఆజ్ఞ యయ్యెను. వ్యాజ్యమాడుటకు శక్తి లేనివానికిని న్యాయము దక్కుట అపురూపము.

ఇంతలో ఎదురుగాలి వీచెను. 2012 ఆగస్టులో ఉత్తరాఖండ్ ఉపాధ్యాయుల కేసులో అదే సుప్రీంకోర్టు వేరువిధముగా పలికినది. ఈ సొమ్ము పన్ను చెల్లించు ప్రజలది. ఇచ్చిన యధికారిదియు కాదు, పుచ్చుకొన్న యుద్యోగిదియు కాదు. మోసము లేకున్నంత మాత్రమున ఎవరిదో సొమ్ము ఉంచుకొనవచ్చునా యని ప్రశ్నించి, పండ్రెండు నెలసరి వాయిదాలలో వసూలుచేయుడని యాజ్ఞాపించినది. ఈ మాటను తేలికగా త్రోసివేయరాదు. ఉద్యోగమే లేనివాడును సబ్బుబిళ్ల కొనునప్పుడు పన్ను చెల్లించుచున్నాడు. నెల జీతము గల మధ్యతరగతి యింటికి చూపు కనికరమునకు వెల పెట్టువారిలో ఆ బీదవాడును ఒకడు. సంస్కారము గల పాఠకులు తమ యింటి వంటిల్లును మాత్రమే గాక, ఆతని పూరిపాకనుగూడ తలచుకొనవలెను.

ఈ రెండు మాటలును పొసగునా యను సందేహముతో వ్యవహారము ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనమునకు చేరెను. వాటి నడుమ విరోధము లేదని వారు 2014 జూలైలో చెప్పిరి. పిమ్మట ఆ సంవత్సరము డిసెంబరు 18 వ తేదీన న్యాయమూర్తులు ఖేహర్, అరుణ్ మిశ్రాగార్లు తుది తీర్పిచ్చిరి. పంజాబు ప్రభుత్వము ప్రతిపక్షులుగా చూపిన ఉద్యోగులలో మొదటివాడు గోడలకు వెల్ల వేయు పనివాడు. తీర్పు శీర్షికలో ఆతని పేరు ప్రక్కన ఆ వృత్తియే వ్రాయబడియున్నది. దేశములోని లక్షలాది నౌకరుల జీతములకు వర్తించు సూత్రము ఒక సున్నపు కుంచెవాని పేరిట నిలిచినది.

ఆ తీర్పు వసూలుచేయరాని సందర్భముల నైదింటిని పేర్కొన్నది. మూడవ, నాల్గవ తరగతుల యుద్యోగులనుండి వసూలు తగదు. పదవి విరమించినవారినుండి గాని, ఏడాదిలోపల విరమింపనున్నవారినుండి గాని తగదు. ఉత్తరువు పుట్టుటకు ముందు ఐదేండ్లకు మించి చెల్లింపు సాగియున్నచో తగదు. ఉద్యోగిచేత నియమవిరుద్ధముగా పై పదవి పని చేయించుకొని దానికి తగిన జీతమిచ్చియున్నచో, తక్కువ పదవియే న్యాయమని తేలినను, ఆ హెచ్చును అడుగరాదు. ఇవి గాక, వసూలుచేయుట సర్కారు హక్కుకంటె మించిన క్రౌర్యమగు నితర సందర్భములలోను తగదు. 2016 మార్చి 2 వ తేదీన కేంద్రప్రభుత్వము ఈ యైదింటిని తన శాఖలన్నిటికిని తెలియజేసినది.

అయినను కథ అంతటితో ముగియలేదు. ఆ 2016 జూలైలోనే ఒక న్యాయాధికారి కేసు వచ్చెను. స్కేలు మారినపుడు, ఎక్కువ ముట్టినచో తిరిగి చెల్లింతునని ఆతడు హామీపత్రము వ్రాసి యిచ్చియుండెను. ఎరిగి మాట యిచ్చినవాడు ఆ మాటకు కట్టుబడవలెనని, రెండేండ్ల వాయిదాలలో చెల్లింపుమని సుప్రీంకోర్టు చెప్పెను. ఇది ఉన్నతోద్యోగికి సమంజసమే కావచ్చును. కాని జీతపు స్కేళ్లు మారినప్పుడెల్ల ఇట్టి హామీపత్రములను అన్ని తరగతులవారిచేతను వ్రాయించుకొనుట పరిపాటియైనది. వ్రాయనిచో క్రొత్త స్కేలు రాదు. జవానును జడ్జీయును ఒకే కాగితముపై చేవ్రాలు చేయుదురు. కాని ఆ కాగితమునకు అర్థము ఇద్దరికిని ఒక్కటి కాదు.

కాలహరణ మింకొక బాధ. కేరళలో 1999 లో పదవి విరమించిన ఒక ఉపాధ్యాయుడు, తనపై వేసిన వసూలు చెల్లదని అనిపించుకొనుటకు 2022 మే వరకు, అనగా ఇరువదిమూడేండ్లు వేచియుండవలసివచ్చెను. 2025 ఏప్రిల్ 4 వ తేదీన ఒడిశాలోని విశ్రాంత స్టెనోగ్రాఫర్లకు సుప్రీంకోర్టు ఉపశమన మిచ్చెను. వారి మాట వినకయే, పదవి విరమించిన తరువాత, వసూలు ఉత్తరువు చేసియుండిరి. వారు సేవచేసినది జిల్లా న్యాయస్థానమున. ఐదు సూత్రములు వెలువడి పదేండ్లు దాటినను, న్యాయస్థానపు నౌకరులే న్యాయముకొరకు ఢిల్లీదాక పోవలసివచ్చినదన్నచో, ఇతరుల గతి చెప్పనేల?

ఈ చరిత్రను మొదటినుండి చివరవరకు చదివినవారికి ఒక వింత తోచకమానదు. సొమ్ము పుచ్చుకొన్నవాని మనస్సును శోధించితిమి. ఆతడెరుగునా, మోసగించెనా, ఖర్చుచేసెనా యని విచారించితిమి. తప్పు వ్రాసిన చేతినిగూర్చి మాత్రము ఈ తీర్పులలో వినబడునది స్వల్పము. అజాగ్రత్తగాని పక్షపాతముగాని యున్నచో బాధ్యులను గుర్తింపవలెనని కేంద్రప్రభుత్వము 2014 ఫిబ్రవరి నాటి ఉత్తరువులో వ్రాసినది. వ్రాత మంచిదే. కాని పదునైదేండ్ల తరువాత బయటపడిన పొరబాటునకు ఆ గుమాస్తా ఎక్కడ? చేవ్రాలు చేసిన యధికారి ఎక్కడ? వారును పింఛను పుచ్చుకొనుచు ఎచ్చటనో విశ్రమించుచుందురు. చివరకు మిగులువారిద్దరు: ఖర్చైపోయిన సంసారము, నష్టపోయిన ఖజానా. దయ చూపినచో ప్రజలకు నష్టము. చూపనిచో కుటుంబమునకు నష్టము. న్యాయస్థానము ఎంత ధర్మనిష్ఠ గలదైనను, ఆలస్యమునుండి పుట్టిన ఈ నష్టమును ఎవరో యొకరి నెత్తిన పెట్టగలదే గాని, దానిని లేకుండ చేయజాలదు.

కావున మందు తీర్పులో లేదు, ముందుచూపులో కలదు. ప్రతి యేట ఉద్యోగికి ఆతని సర్వీసు పుస్తకమును చూపి చేవ్రాలు తీసికొనవలెనను నియమము కేంద్రప్రభుత్వపు నియమావళిలో ఏనాటినుండియో యున్నది. దానిని మనసుపెట్టి జరిపినచో, పదునైదేండ్ల పొరబాటు ఏడాదిలోపలనే పట్టుబడును. అప్పుడు దిద్దుబాటు కొన్ని వందల రూపాయల పని; ఎవరి పెండ్లియు ఆగదు, ఎవరి చదువును చెడదు. వసూలు తప్పనిసరియైనచోట, ముందుగా నోటీసు ఈయవలెను. ఉద్యోగి చెప్పునది వినవలెను. వాయిదాలు ఇంటి ఖర్చునకు అడ్డురానంత చిన్నవిగా నుండవలెను. ఇవి దయాధర్మములు కావు. మంచి యజమాని కనీస మర్యాదలు.

మన గృహములకును ఒక ధర్మము కలదు. జీతపు చీటీని గృహస్థుడు మడిచి జేబులో పెట్టుకొనుట, గృహిణి దానిని ఎన్నడును చూడకుండుట మంచి యాచారము కాదు. ముఖ్యముగా కుటుంబపింఛను పుచ్చుకొను వితంతువుల విషయ మాలోచింపుడు. కేంద్రప్రభుత్వపు నియమములనుబట్టి, భర్త పోయిన పిమ్మట కొన్నేండ్లు హెచ్చు రేటున వచ్చు పింఛను, ఒక తేదీ తరువాత సాధారణపు రేటునకు తగ్గవలెను. ఆ తేదీని బ్యాంకు మరచినచో, తప్పు తెలిసిననాడు వసూలు దెబ్బ తగులునది ఆమెకే. ఆ తేదీ యెప్పుడో ఆమెకు మొదటినాడే చెప్పినవారుండినచో ఆ కష్టము రాదు. లెక్కలు చదువగల స్త్రీ ఇంటికి కోటగోడవంటిది. ఎక్కువ వచ్చినదని తోచినపుడు ఒక్క ఉత్తరము వ్రాసి అడిగి, ఆ ఉత్తరపు నకలును దాచుకొనుట ఆత్మగౌరవమునకును మంచిది, రేపటి రక్షణకును మంచిది.

1825 లో మేజరు స్కైరింగ్ పక్షమున న్యాయస్థానము చెప్పిన మాటను నేటికిని మనము మరల మరల నేర్చుకొనుచున్నాము. రాబడి ఇంత యని చెప్పుట ఒక వాగ్దానము. ఆ వాగ్దానముపై కుటుంబము నిలుచును. దానిని పలుకువారు సరిచూచి పలుకవలెను. తప్పు పలికినచో వెంటనే దిద్దుకొనవలెను. దిద్దుకొనక జాగుచేసిన యేండ్లకు మూల్యము, ఆ మాట నమ్మినవారినుండి రాబట్టుట ధర్మము కాదు.